నెట్ వస్తోంది కానీ టైముకి రావట్లేదు: రియల్ టైమ్ లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ చిక్కులు

పింగ్ చేస్తే జవాబు వస్తుంది. బ్రౌజర్ తెరిస్తే పేజీ వస్తుంది. అయినా లినక్స్‌సీఎన్‌సీలో (చెక్కే మిషన్‌ని కంప్యూటర్ నుంచి నడిపే ప్రోగ్రాం ఇది) పని నడుస్తుంటే పది నిమిషాలకో రెండు గంటలకో "ఎర్రర్ ఫినిషింగ్ రీడ్" అని ఒక లైను పడి మిషన్ నిలబడిపోతుంది. అప్పుడు మనం కేబుల్ మారుస్తాం, కార్డు మారుస్తాం, చివరికి విసుగొచ్చి ఓఎస్ మొత్తం మళ్లీ ఎక్కిస్తాం. మా బావగారికి బాలానగర్‌లో తలుపుల మీద డిజైన్లు చెక్కే చిన్న షాపు ఉంది. అక్కడి మిషన్‌కి నేను చేసినవీ ఇవే. ఈలోపు కస్టమర్ తెచ్చిచ్చిన టేకు తలుపు ఒకటి సగంలో ఆగిపోయి పనికిరాకుండా పోయింది. ఆ రోజు బావగారి మొహం చూశాక ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అని ఒక వరస రాసి పెట్టుకున్నాను. అదే ఇది.

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. రియల్ టైమ్ సిస్టమ్‌లో, అంటే ప్రతి పనీ చెప్పిన టైముకి జరిగి తీరాల్సిన చోట, "నెట్‌వర్క్ పనిచేయట్లేదు" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. డ్రైవర్ అసలు ఎక్కలేదు అని ఒకటి. డ్రైవర్ ఎక్కింది, ప్యాకెట్లు వస్తూ పోతూ ఉన్నాయి, కానీ ఎప్పుడో ఒకసారి ఒక ప్యాకెట్ లేటుగా వస్తోంది అని రెండోది. మామూలు కంప్యూటర్‌లో ఈ రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు, అర సెకను లేటైనా వీడియో ఆగదు. లినక్స్‌సీఎన్‌సీ లోపల మోటార్లను చూసుకునే సర్వో త్రెడ్ అలా కాదు, ప్రతి 1 మిల్లీసెకనుకి మోటార్ల కార్డుని అడిగి జవాబు తీసుకోవాలి. మోటార్లకీ కంప్యూటర్‌కీ మధ్య ఉండే మెసా కంపెనీ కార్డుల కోసం లినక్స్‌సీఎన్‌సీలో ఉన్న హెచ్‌ఎం2 ఈథ్ డ్రైవర్ మామూలుగా ఆ వ్యవధిలో 80 శాతం, అంటే 800 మైక్రోసెకన్లు ఎదురుచూసి, రాకపోతే ఆ రీడ్ పోయినట్టే లెక్కేస్తుంది. ఒకటీ అరా పోతే సర్దుకుంటుంది, వెంటవెంటనే పోతే ఆపేస్తుంది. ఆపాలి కూడా, మోటార్లు ఎక్కడున్నాయో తెలియకుండా కట్టర్ తిరగడం మనిషికే ప్రమాదం.

నేను చెప్పేదంతా డెబియన్ 12, దాని 6.1 రియల్ టైమ్ (ఆర్‌టీ) కెర్నల్ (ఓఎస్ అసలు గుండె), ఈథర్నెట్ మీద నడిచే మెసా 7ఐ76ఈ కార్డు అనుకుని చెబుతున్నాను. వేరే డిస్ట్రో (లినక్స్ రకం) అయినా వరస మారదు. కమాండ్లన్నీ పలికినట్టు తెలుగులోనే రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను, "మైనస్" అంటే చిన్న గీత. కార్డు సెట్టింగులు మార్చే కమాండ్లన్నిటికీ ముందు సుడో ఉండాలి.

ముందు మీరున్నది ఏ కెర్నల్ మీద

యూనేమ్ మైనస్ ఏ కొట్టండి. జవాబులో "ప్రీఎంప్ట్ ఆర్‌టీ" అన్న మాట కనిపించాలి. "ప్రీఎంప్ట్ డైనమిక్" అని ఉంటే అది డెబియన్ మామూలు కెర్నల్, రియల్ టైమ్ కాదు. ప్రీఎంప్ట్ అన్న మాట చూసి అదే ఇది అనుకుని రోజుల తరబడి డ్రైవర్‌తో కుస్తీ పట్టినవాళ్లని నేను చూశాను. రెండు కెర్నల్స్ పక్కపక్కన ఉన్నప్పుడు, ముఖ్యంగా అప్‌డేట్ అయ్యాక, గ్రబ్ (బూట్‌లో కెర్నల్‌ని ఎంచే మెనూ) ఏది ఎక్కించిందో ఊహించకండి, చూడండి. ఇంకోటి, 2024 నవంబరులో వచ్చిన 6.12 నుంచి ప్రీఎంప్ట్ ఆర్‌టీ అసలు కెర్నల్లోనే కలిసింది, విడిగా ప్యాచ్ వేయాల్సిన పని ఎక్స్86, 64 బిట్ ఆర్మ్, రిస్క్ ఫైవ్ వాళ్లకి పోయింది. కానీ కెర్నల్ బిల్డ్ చేసేటప్పుడు దాన్ని ఎంచుకోవాలి. "నాది 6.12 కదా, ఆర్‌టీ ఉన్నట్టే" అంటే కుదరదు.

తర్వాత ఒక చిన్న పరీక్ష, దీన్ని మాత్రం ఎవరూ వదలకండి. మిషన్ పవర్ ఆపేసి, కంప్యూటర్‌ని మామూలు కెర్నల్‌తో బూట్ చేసి అదే కార్డు, అదే కేబుల్‌తో పింగ్ చేయండి. అక్కడ కూడా రాకపోతే ఆర్‌టీకి ఏ సంబంధం లేదు, కేబుల్, బయాస్, ఫర్మ్‌వేర్ (కార్డు లోపలికి ఎక్కే చిన్న సాఫ్ట్‌వేర్) వైపు వెళ్లండి. మామూలు దాంట్లో వచ్చి ఆర్‌టీలో అసలు రాకపోతే, ఆర్‌టీ కెర్నల్ కోసం డ్రైవర్ తయారవ్వలేదని దాదాపు ఖాయం. రెండింట్లోనూ వచ్చి ఆర్‌టీలో మిషన్ మాత్రం ఆగుతుంటే అది ఆలస్యం సమస్య, కిందకి వెళ్లిపోండి. ఐదు నిమిషాల పని ఇది, నాకు రెండు రోజులు మిగిల్చేది.

డ్రైవర్ అసలు ఎక్కనప్పుడు

ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ ఎన్‌ఎన్‌కే కొట్టి ఈథర్నెట్ కంట్రోలర్ అన్న చోటు చూడండి. కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న లైను ఉంటే ఆ పేరు రాసుకోండి. ఇంటెల్ కార్డులైతే ఈ1000ఈ, ఐజీబీ లాంటివి కనిపిస్తాయి, రియల్‌టెక్ అయితే ఆర్8169. ఆ లైనే లేకపోతే కార్డుని కెర్నల్ చూసింది కానీ డ్రైవర్ దాన్ని పట్టుకోలేదు. అసలు కంట్రోలరే లిస్టులో లేకపోతే బయాస్‌లో ఆన్‌బోర్డ్ లాన్ ఆఫ్ చేసి ఉందేమో చూడండి, విడి కార్డయితే ఒకసారి తీసి దుమ్ము దులిపి మళ్లీ గుచ్చండి, చెక్క పొడి ఉండే షాపుల్లో ఇది నిజంగా జరుగుతుంది.

ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. రియల్‌టెక్ కార్డుకి కెర్నల్‌తో పాటు వచ్చే డ్రైవర్ ఆర్8169. దాంతో లేటెన్సీ (ఆలస్యం) బాగాలేదని ఎవరో చెబితే బయట దొరికే ఆర్8168 డీకేఎంఎస్ ప్యాకేజీ (ఒక్కో కెర్నల్‌కి డ్రైవర్‌ని మన కంప్యూటర్‌లోనే కంపైల్ చేసే ఏర్పాటు డీకేఎంఎస్) వేసుకుంటారు, చాలా కార్డులకి అది నిజంగానే మేలు చేస్తుంది కూడా. కానీ ఆ ప్యాకేజీ పాత ఆర్8169ని బ్లాక్‌లిస్టులో, అంటే ఎక్కనివ్వని జాబితాలో, పెట్టేస్తుంది. కొన్నాళ్లకి అప్‌డేట్ వచ్చి కొత్త ఆర్‌టీ కెర్నల్ దిగుతుంది, దాని హెడర్స్ ప్యాకేజీ (కంపైల్ చేయడానికి కావాల్సిన ఫైళ్లు) లేకపోతే డీకేఎంఎస్ కొత్త డ్రైవర్‌ని కంపైల్ చేయలేదు. ఇటు కొత్తది లేదు, అటు పాతదాన్ని మనమే ఎక్కనివ్వం. రీబూట్ చేస్తే నెట్ మాయం. బావగారి షాపులో కార్డు చచ్చిపోయిందనుకుని నేను కొత్త కార్డు కొన్నది ఇలాంటి రోజునే.

మందు తేలికే. డీకేఎంఎస్ స్టేటస్ కొట్టండి. మీ ఆర్‌టీ కెర్నల్ పేరుకి ఎదురుగా "ఇన్‌స్టాల్డ్" అని ఉండాలి, మామూలు కెర్నల్‌కి మాత్రమే ఉంటే అదే జబ్బు. లినక్స్ హెడర్స్ ఆర్‌టీ ఏఎండీ64 అనే ప్యాకేజీ వేయండి. ఒక్కో వెర్షన్ నంబరుతో ఉండేది కాకుండా, నంబరు లేని ఈ ప్యాకేజీ వేస్తే తర్వాతి అప్‌డేట్లకి హెడర్స్ వాటంతటవే వస్తాయి. తర్వాత డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్. నెట్ లేకుండా ప్యాకేజీ ఎలా తెచ్చుకోవాలి అంటారా, ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెథరింగ్ ఆన్ చేయండి, లినక్స్ దాన్ని వెంటనే ఇంకో నెట్‌వర్క్ కార్డులా చూస్తుంది. అంత దాకా ఎందుకు, పాత డ్రైవర్‌తో పని అయిపోతుందనుకుంటే ఈటీసీ కింద మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఆ బ్లాక్‌లిస్ట్ ఫైలు తెరిచి లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేయండి, ఆర్8169 తిరిగి వస్తుంది.

మాడ్యూల్ (డ్రైవర్ ఫైలు) ఉన్నా ఎక్కట్లేదా? మోడ్‌ఇన్ఫో తర్వాత డ్రైవర్ పేరు కొట్టి "వెర్‌మ్యాజిక్" అన్న లైను చూడండి. అందులో యూనేమ్‌లో చూసిన వెర్షనే ఉండాలి, పక్కన "ప్రీఎంప్ట్ ఆర్‌టీ" అనీ ఉండాలి. మామూలు కెర్నల్ కోసం తయారైన మాడ్యూల్‌ని ఆర్‌టీ కెర్నల్ "ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్" అని తిప్పి కొడుతుంది, అది మంచిదే. దాన్ని ఫోర్స్ చేసి ఎక్కించే మార్గాలు వెతక్కండి. రెండు కెర్నల్స్‌లో తాళాల లోపలి నిర్మాణమే వేరు, బలవంతంగా ఎక్కిస్తే మెమరీ పాడై మిషన్ ఎప్పుడేం చేస్తుందో చెప్పలేం. "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వస్తే అది సెక్యూర్ బూట్, సరైన సంతకం లేని డ్రైవర్లను ఆపే సెట్టింగు. మోక్‌యుటిల్ మైనస్ మైనస్ ఎస్‌బీ మైనస్ స్టేట్ కొడితే ఆన్‌లో ఉందో లేదో చెబుతుంది, షాపులో మిషన్ నడిపే కంప్యూటర్‌కైతే బయాస్‌లో ఆఫ్ చేయడమే నేను చేసేది.

కెర్నల్ సందేశాలు చూపించే డీమెసేజ్‌లో ఫర్మ్‌వేర్ దొరకలేదని రియల్‌టెక్ పేరుతో లైన్లుంటే ఫర్మ్‌వేర్ రియల్‌టెక్ అనే ప్యాకేజీ వేయండి. డెబియన్ 12లో అది నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్ అనే విభాగంలో ఉంది, సోర్సెస్ లిస్టులో ఆ విభాగం లేకపోతే దొరకదు.

"బగ్: షెడ్యూలింగ్ వైల్ ఆటమిక్" లేదా "స్లీపింగ్ ఫంక్షన్ కాల్డ్ ఫ్రమ్ ఇన్వాలిడ్ కాంటెక్స్ట్" అని డీమెసేజ్‌లో పేజీలు పేజీలు పడితే, కింద వచ్చే జాబితాలో మీ నెట్‌వర్క్ డ్రైవర్ పేరుందేమో చూడండి. మామూలు కెర్నల్లో స్పిన్‌లాక్ అనే తాళం పట్టుకున్నవాడు నిద్రపోకూడదు. ఆర్‌టీలో అదే స్పిన్‌లాక్ నిద్రపోగల తాళంగా మారిపోతుంది. ఇంటరప్ట్స్ (హార్డ్‌వేర్ ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు) ఆపేసి ఆ తర్వాత స్పిన్‌లాక్ తీసుకునే పాత అలవాటుతో రాసిన డ్రైవర్, మామూలు చోట ఏళ్ల తరబడి బాగా నడిచి ఇక్కడికి రాగానే ఇలా అరుస్తుంది. కెర్నల్లో ఉన్న డ్రైవర్లను ఆర్‌టీ వాళ్లు సరిచేసి పెట్టారు. బయటి డ్రైవర్‌కి ఆ పూచీ లేదు. మీరు సి కోడ్ దిద్దగలిగితే తప్ప ఆ డ్రైవర్‌తో కూర్చోకండి, కెర్నల్ లోపలి డ్రైవర్ ఉన్న కార్డుకి మారండి.

అడ్రస్ గొడవలు

డ్రైవర్ ఎక్కింది, లింక్ లైటు వెలుగుతోంది, కార్డు మాత్రం పలకట్లేదు. మెసా కార్డుకి కంపెనీ నుంచి వచ్చే అడ్రస్ 192.168.1.121. మన ఇళ్లలో, షాపుల్లో ఉండే వైఫై బాక్సుల్లో చాలావాటి అడ్రస్ 192.168.1.1. అంటే రెండూ ఒకే వీధి. కంప్యూటర్‌కి వైఫై కూడా ఉంటే, మెసాకి పోవాల్సిన ప్యాకెట్ వైఫై వైపు వెళ్లిపోతుంది. ఐపీ రూట్ గెట్ అని కొట్టి పక్కన మెసా అడ్రస్ ఇస్తే ఏ దారిన వెళ్తోందో అక్కడే తెలిసిపోతుంది. కార్డు మీద జంపర్ మార్చి 10.10.10.10కి పెట్టుకోండి, కంప్యూటర్ వైపు 10.10.10.1 స్టాటిక్‌గా ఇవ్వండి, ఈ గొడవ మళ్లీ రాదు.

పోర్టుని డీహెచ్‌సీపీ (అడ్రస్ దానంతటదే తెచ్చుకునే పద్ధతి) మీద వదిలేస్తే ఇంకో చిక్కు. మెసా కార్డు దగ్గర డీహెచ్‌సీపీ సర్వర్ ఉండదు, నెట్‌వర్క్ మేనేజర్ 45 సెకన్లు అడిగి అడిగి వదిలేస్తుంది, మళ్లీ మొదలుపెడుతుంది. "నిమిషానికోసారి కనెక్షన్ పోతోంది" అని ఎవరైనా అంటే నేను ముందు ఇదే చూస్తాను. ఇంకొకటి, కొత్త పీసీఐ కార్డు గుచ్చితే పాత కార్డు పేరు మారిపోవచ్చు, నిన్న ఈఎన్‌పీ2ఎస్0 అన్నది ఈరోజు ఈఎన్‌పీ3ఎస్0 అవుతుంది, పాత పేరుతో రాసిన సెట్టింగులన్నీ గాలికి పోతాయి. ఐపీ లింక్ కొట్టి పేరు సరిచూసుకోండి.

మెసాకి విడిగా ఒక పోర్టు ఇచ్చేయండి. స్విచ్ పెట్టి అదే తీగ మీద ఇంటర్నెట్ కూడా పంచుకోవడం వద్దు. హాల్ (లినక్స్‌సీఎన్‌సీలో హార్డ్‌వేర్‌ని కలిపే భాగం) నడుస్తున్నంతసేపూ హెచ్‌ఎం2 ఈథ్ లినక్స్ ఫైర్‌వాల్ అయిన ఐపీటేబుల్స్‌లో సొంత రూల్స్ పెట్టి ఆ పోర్టు మీద వేరే ప్యాకెట్లు పోకుండా ఆపుతుంది, కాబట్టి "లినక్స్‌సీఎన్‌సీ తెరిస్తే నెట్ పోతోంది" అన్నది డ్రైవర్ తప్పు కాదు. యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టర్లు ఈ పనికి అసలు వద్దు. మధ్యలో యూఎస్‌బీ కంట్రోలర్ తన వంతు ప్రకారం పంపుతుంది, టైముకి ఎవరూ పూచీ ఉండరు.

ఆలస్యం: ముందు కొలత, తర్వాతే మార్పు

అసలు కష్టం ఇక్కడుంది. కార్డుని అనుమానించే ముందు కార్డు లేకుండా సిస్టమ్ ఎలా ఉందో చూడండి. ఆర్‌టీ టెస్ట్స్ ప్యాకేజీలో ఆలస్యం కొలిచే సైక్లిక్‌టెస్ట్ ఉంటుంది, దాన్ని ఎంలాక్ఆల్, ఎస్‌ఎంపీ ఆప్షన్లతో, ప్రయారిటీ 80, ఇంటర్వెల్ 200 పెట్టి అరగంట నడపండి, ఆ అరగంటా బ్రౌజర్ తెరవండి, పెద్ద ఫైళ్లు కాపీ చేయండి, విండోలు అటూ ఇటూ లాగండి. చివరి కాలమ్ మ్యాక్స్ చూడాలి, యావరేజ్ చూసి మురిసిపోవద్దు, మిషన్‌ని ఆపేది ఆ ఒక్క పెద్ద అంకే. అది 100 మైక్రోసెకన్ల లోపుంటే నేను ముందుకు వెళ్తాను. అప్పుడప్పుడు ఒక్కసారిగా 300, 500కి ఎగిరితే నెట్‌వర్క్ డ్రైవర్ ఎంత దిద్దినా లాభం లేదు. అదే ప్యాకేజీలో హెచ్‌డబ్ల్యూ లాట్ డిటెక్ట్ అనేది ఉంది, కెర్నల్‌కి చెప్పకుండా బయాస్ ప్రాసెసర్‌ని లాక్కుపోయే ఎస్‌ఎంఐ లాంటివి అదే పట్టిస్తుంది. అలాంటి బోర్డుతో పోరాడకండి, వేరే పాత డెస్క్‌టాప్ వెతకండి.

ఇప్పుడు కార్డు వంతు. లినక్స్‌సీఎన్‌సీ మూసేసి ఇది కొట్టండి: సుడో సీహెచ్‌ఆర్‌టీ 99 పింగ్ మైనస్ ఐ .001 మైనస్ క్యూ, పక్కన కార్డు అడ్రస్. అంటే మిల్లీసెకనుకొక పింగ్, పైప్రయారిటీతో. కంప్యూటర్ మీద మామూలు పనులు చేస్తూ పావుగంట వదిలి కంట్రోల్ సీ కొడితే మిన్, యావరేజ్, మ్యాక్స్ చెబుతుంది. నా లెక్కలో మ్యాక్స్ 0.3 మిల్లీసెకన్ల లోపుంటే నిశ్చింత, 0.5 దాటితే దిద్దాలి, 1 దాటితే ఆ సిస్టమ్‌తో పని మొదలుపెట్టను. తీగ మీద పట్టే టైము లెక్కలోకే రాదు, 100 మెగాబిట్ల మీద అతి చిన్న ఫ్రేమ్ 7 మైక్రోసెకన్ల లోపే వెళ్లిపోతుంది. మిగతా టైమంతా మన కంప్యూటర్ లోపలే తినేస్తోందన్నమాట.

ఈ అంకె కాగితం మీద రాసి, ఒక్కొక్క మార్పూ చేసి మళ్లీ కొలవండి. ఐదు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

మొదటి మార్పు కోలెసింగ్. ప్రతి ప్యాకెట్‌కి ఇంటరప్ట్ ఇస్తే ప్రాసెసర్ అలసిపోతుందని కార్డు కాసేపు ఆగి నాలుగు ప్యాకెట్లు పోగయ్యాక ఒకేసారి తలుపు కొడుతుంది. డౌన్‌లోడ్‌కి అది మంచి ఏర్పాటు, మనకు మాత్రం సరిగ్గా తగనిది. ఈథ్‌టూల్ మైనస్ చిన్న సీ, పక్కన పోర్టు పేరు కొడితే ఇప్పుడున్నది చూపిస్తుంది. ఈథ్‌టూల్ మైనస్ పెద్ద సీ, పోర్టు పేరు, ఆర్‌ఎక్స్ మైనస్ యూసెక్స్ 0 అంటే ఆపేస్తుంది. ఇంటెల్ ఈ1000ఈలో తేడా చాలాసార్లు అప్పటికప్పుడే కనిపిస్తుంది, అక్కడ డిఫాల్ట్ అయిన 3 అన్న అంకెకు మూడు మైక్రోసెకన్లని కాదు, ట్రాఫిక్‌ని బట్టి తనంతట తాను మార్చుకొమ్మని అర్థం. "ఆపరేషన్ నాట్ సపోర్టెడ్" అని వస్తే మీ డ్రైవర్‌లో ఆ సౌకర్యం లేదు, తర్వాతదానికి వెళ్లండి.

ఇది రీబూట్ అయితే పోతుంది. ఈటీసీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేసెస్ ఫైలులో ఆ పోర్టుకి స్టాటిక్ అడ్రస్ రాసి, దాని కింద హార్డ్‌వేర్ మైనస్ ఐఆర్‌క్యూ మైనస్ కోలెస్ మైనస్ ఆర్‌ఎక్స్ మైనస్ యూసెక్స్ 0 అన్న లైను చేర్చండి, ఈథ్‌టూల్ ప్యాకేజీ ఉంటే బూట్‌లో అదే చూసుకుంటుంది. డెబియన్‌లో ఆ ఫైలులో రాసిన పోర్టు జోలికి నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా రాదు, అదీ మనకు కలిసొచ్చేదే.

రెండోది కరెంటు పొదుపు. ఇది మూడు అంతస్తుల్లో ఉంటుంది. తీగ దగ్గర ఈఈఈ: ప్యాకెట్లు లేనప్పుడు లింక్ కునుకు తీస్తుంది, లేవడానికి టైము పడుతుంది. ఈథ్‌టూల్ మైనస్ మైనస్ సెట్ మైనస్ ఈఈఈ, పోర్టు పేరు, ఈఈఈ ఆఫ్ అంటే ఆగుతుంది. పీసీఐ దగ్గర ఏఎస్‌పీఎం: కార్డుకీ బోర్డుకీ మధ్య దారి నిద్రపోవడం. ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ వీవీ సుడోతో కొట్టి "లింక్ కంట్రోల్" లైనులో ఏఎస్‌పీఎం ఎల్1 ఎనేబుల్డ్ అని ఉందేమో చూడండి. ఉంటే బయాస్‌లో ఆపండి, అక్కడ దొరకకపోతే గ్రబ్ కెర్నల్ లైనులో పీసీఐఈ అండర్‌స్కోర్ ఏఎస్‌పీఎం డాట్ పాలసీ ఈక్వల్స్ పెర్ఫార్మెన్స్ చేర్చండి. మూడోది ప్రాసెసర్ సీ స్టేట్స్, అంటే పని లేనప్పుడు ప్రాసెసర్ దిగే నిద్ర మెట్లు. వాటిని బయాస్‌లో సీ1 దగ్గర ఆపేస్తే పింగ్ మ్యాక్స్ సగానికి సగం పడిన సిస్టమ్స్ నా చేతుల మీదుగానే వెళ్లాయి. కాకపోతే ప్రాసెసర్ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, వేడెక్కుతుంది. రేకుల షెడ్డులో ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్, హీట్‌సింక్ శుభ్రంగా లేకపోతే వేడికి స్పీడు తగ్గించుకుని కొత్త ఆలస్యం తెస్తుంది. అందుకే ఈ మార్పు చేసిన రోజే క్యాబినెట్ విప్పి బ్లోయర్ కొట్టండి.

మూడోది ఇంటరప్ట్. ఆర్‌టీ కెర్నల్లో ఇంటరప్ట్‌ని చూసుకునేది ఒక త్రెడ్, మామూలు ప్రోగ్రాములా దానికీ ఒక ప్రయారిటీ ఉంటుంది, మొదట్లో అన్నిటికీ ఫిఫో (రియల్ టైమ్ వరస) 50. అంటే మన నెట్‌వర్క్ కార్డు, సౌండ్ కార్డు, హార్డ్ డిస్క్ అన్నీ ఒకే వరసలో నిలబడతాయి. పీఎస్ మైనస్ ఈ, పెద్ద ఎల్, ఓ, తర్వాత పిడ్, సీఎల్‌ఎస్, ఆర్‌టీప్రయో, పీఎస్‌ఆర్, కామ్ అని కామాలతో కొట్టి, ఐఆర్‌క్యూ స్లాష్ అని మొదలై పోర్టు పేరుతో ముగిసే త్రెడ్‌ని వెతకండి. సీహెచ్‌ఆర్‌టీ మైనస్ ఎఫ్ మైనస్ పీ 80, పక్కన ఆ పిడ్ (త్రెడ్ నంబరు) ఇస్తే దాని ప్రయారిటీ పెరుగుతుంది. 99 ఇవ్వకండి, కెర్నల్ సొంత పనుల కంటే కూడా పైకి వెళ్తే సిస్టమ్ మొత్తం బిగుసుకుపోవచ్చు.

ప్రయారిటీ ఒక్కటీ పెంచి "ఏం మారలేదు" అంటుంటారు, దానికి కారణం ఉంది. ఇంటరప్ట్ త్రెడ్ తర్వాత అసలు ప్యాకెట్‌ని పైకి మోసే పని సాఫ్ట్ ఐఆర్‌క్యూ అనే రెండో దశలో జరుగుతుంది. 6.1, 6.12 ఆర్‌టీ కెర్నల్స్‌లో ఒక్కో కోర్‌కి ఆ పని చుట్టూ ఒకే తాళం. వైఫై డ్రైవర్ అదే కోర్ మీద ఆ తాళం పట్టుకుని తన ప్యాకెట్ల మూట విప్పుతుంటే, మన 80 ప్రయారిటీ త్రెడ్ కూడా అది అయ్యేదాకా ఆగాల్సిందే. కాబట్టి ప్రయారిటీతో పాటు చోటు కూడా విడదీయాలి. ప్రాక్ కింద ఇంటరప్ట్స్ అనే ఫైలులో మీ పోర్టు నంబరు చూసి, ప్రాక్, ఐఆర్‌క్యూ, ఆ నంబరు, దాని లోపల ఎస్‌ఎంపీ అఫినిటీ లిస్ట్ అనే ఫైలులో, మాటల మధ్య అండర్‌స్కోర్లతో, కోర్ నంబరు రాయండి. నాలుగు కోర్ల సిస్టమ్‌లో నేను గ్రబ్‌లో ఐసోల్‌సీపీయూస్ ఈక్వల్స్ 3 (కోర్ 3ని మామూలు పనులకు దూరంగా ఉంచే ఆప్షన్) అని పెట్టి, మెసా పోర్టు ఇంటరప్ట్‌ని 3కి పంపి, వైఫై, డిస్క్ ఇంటరప్ట్స్‌ని 0, 1కి తోసేస్తాను. సర్వో త్రెడ్ కూడా 3 మీదే ఉందో లేదో ఆ పీఎస్ కమాండ్‌లోని పీఎస్‌ఆర్ కాలమ్ చెబుతుంది. బావగారి మిషన్‌కి చివరికి పట్టిన మందు ఇదే. వైఫైలో ఫోన్ ఫోటోలు కాపీ చేసినప్పుడల్లా ఆగేది, కోర్లు విడదీశాక ఆగలేదు.

రెండు జాగ్రత్తలు. ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ అనే సర్వీస్ ఉంటే ఆపేయండి, లేకపోతే మీరు రాసిన నంబర్లను అది వెనకాల మారుస్తుంది. ఐజీబీతో నడిచే ఐ210 లాంటి కార్డులకి ఒకే పోర్టుకి నాలుగైదు ఇంటరప్ట్స్ ఉంటాయి, ఒక్కటే మార్చి వదిలేస్తే ప్యాకెట్ ఇంకో క్యూలో పోతుంది. ఈథ్‌టూల్ మైనస్ పెద్ద ఎల్, పోర్టు పేరు, కంబైన్డ్ 1 అంటే క్యూలన్నీ ఒకటైపోతాయి, తర్వాత మిగిలినవాటిని పిన్ చేయడం (ఒక కోర్‌కి కట్టేయడం) సుళువు. ఇంటరప్ట్ సెట్టింగులు కూడా రీబూట్‌తో పోతాయి కాబట్టి ఒక చిన్న స్క్రిప్ట్ రాసి సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టుకోండి.

ఇవన్నీ అయ్యాక డీమెసేజ్ మళ్లీ చూడండి. ఈ1000ఈ "డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్" అంటుంటే ఈథ్‌టూల్ మైనస్ పెద్ద కే, పోర్టు పేరు, టీఎస్‌ఓ ఆఫ్, జీఎస్‌ఓ ఆఫ్ అని ప్రయత్నించండి, అవి పెద్ద డేటాని ప్యాకెట్లుగా ముక్కలు చేసే సౌకర్యాలు, చిన్న ప్యాకెట్లతో పనిచేసే మనకు వాటితో అవసరం లేదు. "ఆర్‌టీ థ్రాట్లింగ్ యాక్టివేటెడ్" అని ఉంటే ఏదో ఒక ఆర్‌టీ త్రెడ్ సెకనులో 950 మిల్లీసెకన్ల హద్దు దాటి ప్రాసెసర్‌ని మింగేసిందని అర్థం. ఆ హద్దు తీసేయడం కాదు, ఆ త్రెడ్ ఎవరో పట్టుకోవాలి.

ఈథర్‌క్యాట్ (మోటార్ డ్రైవ్‌లను ఈథర్నెట్ తీగ మీద కలిపే పద్ధతి) వాళ్లకి ఒక్క మాట. దాన్ని లినక్స్‌లో నడిపే ఐజీహెచ్ మాస్టర్ వాడుతుంటే దాని జెనరిక్ డ్రైవర్ పైన చెప్పిన దారిలోనే, కెర్నల్ నెట్‌వర్క్ గుండా వెళ్తుంది, కాబట్టి ఇదంతా మీకూ వర్తిస్తుంది. దాని నేటివ్ డ్రైవర్లు ఇంటరప్ట్ లేకుండా తామే కార్డుని పోల్ చేస్తాయి, అక్కడ కోలెసింగ్, ఐఆర్‌క్యూ ప్రయారిటీ అన్న ప్రశ్నే లేదు. కాకపోతే అవి ఒక్కో కెర్నల్ వెర్షన్‌కి విడిగా తయారవుతాయి, కెర్నల్ ఎంచుకునే ముందే మీ కార్డుకి ఆ వెర్షన్ డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి.

చివరగా లినక్స్‌సీఎన్‌సీ తెరిచి, కట్టర్ తీసేసి, పొడవైన ప్రోగ్రాం ఒకటి గాల్లో నడపండి, నాలుగు గంటలైనా. అయ్యాక హాల్ షోలో మెసా కార్డు రీడ్ ఫంక్షన్ టీమ్యాక్స్ (అది ఎక్కువలో ఎక్కువ తీసుకున్న టైము) చూడండి. అది ప్రాసెసర్ క్లాకుల్లో ఉంటుంది, మీ ప్రాసెసర్ గిగాహెర్ట్జ్‌తో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద 9,00,000 కనిపిస్తే 3,00,000 నానోసెకన్లు, అంటే 300 మైక్రోసెకన్లు, 800 హద్దుకి చాలా దూరం. ప్యాకెట్ ఎర్రర్ టోటల్ సున్నా దగ్గరే ఉందో లేదో కూడా చూడండి.

అంతా బాగుంటే అదే రోజు ఏపీటీ మార్క్ హోల్డ్‌తో ఆర్‌టీ ఇమేజ్, ఆర్‌టీ హెడర్స్ రెండు ప్యాకేజీలనూ ఆపి పెట్టండి. కొత్త కెర్నల్ కావాలనుకున్నప్పుడు పని లేని ఆదివారం చూసుకుని హోల్డ్ తీసి, అప్‌డేట్ చేసి, డీకేఎంఎస్ స్టేటస్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పాత కెర్నల్‌ని మాత్రం వారం రోజులు తీసేయకండి, తేడా వస్తే గ్రబ్ మెనూలో అడ్వాన్స్డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాతదాంతో బూట్ చేస్తే సోమవారం పొద్దున షాపు ఎప్పటిలాగే నడుస్తుంది.